స్కీటర్ నొవోట్నీ అసలు పేరు

మంగళవారం పొద్దున బ్యాంకు తలుపు తీస్తూ లొరెట్టా వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. స్కీటర్ నొవోట్నీ వస్తాడు. డ్రైవింగ్ లైసెన్సు చూపిస్తాడు. దాని మీద పేరు ఎలా ఉందో అలాగే ఆమె రాష్ట్రం తాకట్టుల రిజిస్టరుకు ఎక్కిస్తుంది. దాంతో అతని ట్రాక్టరు బ్యాంకుకు తాకట్టు పడుతుంది, బ్యాంకిచ్చిన అప్పుతో అతను శుక్రవారం వేలంలో పెయ్యలు కొనుక్కుంటాడు. మధ్యాహ్నానికల్లా ఇదంతా ముగించి డోరిస్ కేఫ్‌లో కొలాచీ, అంటే మధ్యలో ఆప్రికాట్ పండు పెట్టిన తీపి బన్ను, తినాలని కూడా ఆమె అనుకుంది. ఆ రోజు అనుకున్నవాటిలో కొలాచీ ఒక్కటే సవ్యంగా జరిగింది.

మా మిల్‌బర్గ్‌లో అమ్మానాన్నలు పెట్టిన పేరుతో ఎవరినీ పిలవరు. పోయిన ఏడాది వరకు లొరెట్టాకూ అది తప్పనిపించలేదు. అందరూ రెడ్ అంటున్నారు కదా అని కోతమిషను తాకట్టు పెట్టిన రైతును రెడ్ అనే రాసి పంపింది. అతను దివాలా తీశాక తేలిందేమిటంటే, రిజిస్టరులో లైసెన్సు మీది పేరు లేకపోతే అందులో వెతికేవాళ్ళకు బ్యాంకు తాకట్టు కనపడదు, కనపడని తాకట్టు చెల్లదు. కోతమిషను వేరేవాళ్ళు తోలుకుపోయారు. బ్యాంకు అధ్యక్షుడు హార్లన్ ఆమెను పిలిచి, ఇంకోసారి ఇలా జరిగితే అప్పుల బల్ల దగ్గర వేరే మనిషి కూర్చుంటారని మర్యాదగానే చెప్పాడు. ఆ బల్ల లొరెట్టాకు ప్రాణం. లైసెన్సు కళ్ళారా చూడనిదే కన్నతండ్రి పేరైనా రాయనని ఆ రోజే ఒట్టు పెట్టుకుంది.

స్కీటర్ ట్రాక్టరు మీద వచ్చాడు. బ్యాంకు ముందు రెండు కార్ల చోటు ఆక్రమించి ఆపి, టోపీ వెనక్కి నెట్టుకుంటూ లోపలికొచ్చి కూర్చున్నాడు.

"లైసెన్సు ఇటివ్వు," అంది లొరెట్టా.

"అది రెండో బండిలో ఉండిపోయింది."

"మరి ఆ బండిలో రాకుండా ఇంత దూరం ట్రాక్టరేసుకుని ఎందుకొచ్చావు?"

"తాకట్టు పెట్టే వస్తువు నువ్వు చూసుకుంటావు కదా అని."

"వస్తువు బాగానే ఉంది. లైసెన్సు చూపించు."

"ఏంటి తల్లీ ఇది. స్కీటర్ నొవోట్నీ అని రాసెయ్. ఊళ్ళో ఇంకో స్కీటర్ ఉన్నాడా? నిన్ను బడి బస్సులో తీసుకెళ్ళి దింపినవాణ్ణి."

"అప్పుడు నీ దగ్గర లైసెన్సు ఉందిగా. అదే చూపించు."

స్కీటర్ టోపీ ముందుకు లాక్కున్నాడు. దూడకు ఒంట్లో బాగోలేదని లేచి వెళ్ళిపోయాడు. అతని వయసులో మనిషి దూడ పేరు చెప్పి పారిపోవడం లొరెట్టాకు ఏమాత్రం నచ్చలేదు.

మధ్యాహ్నం ఆమే కారేసుకుని వాళ్ళ పొలానికి వెళ్ళింది. అతని భార్య వెర్నా తలుపు సగమే తీసి, లైసెన్సు ఆయన జేబులో ఉందనీ, ఆ జేబున్న బట్టలు ఉతుకులో పడ్డాయనీ, ఆ విషయంలో తనను లాగొద్దనీ చెప్పింది. పొద్దున రెండో బండిలో ఉన్న లైసెన్సు మధ్యాహ్నానికి ఉతుకులో పడిందంటే లొరెట్టాకు అనుమానం వచ్చింది. ఈ ట్రాక్టరును అసలు పేరుతో ఇంకెక్కడో తాకట్టు పెట్టేసి ఉంటాడు, అందుకే ఆ పేరు బయటపెట్టడు అనుకుంది. తిరిగొస్తూ కొలాచీ కోసం కేఫ్‌లో ఆగి, నోరు ఊరుకోక ఒక్క మాట అడిగింది.

"డోరిస్, స్కీటర్ అసలు పేరేంటో నీకేమైనా తెలుసా?"

కాఫీ పోస్తున్న డోరిస్ చెయ్యి ఆగిపోయింది. "అంటే ఆయన స్కీటర్ కాదా?"

"అదే కదా తేల్చాలి," అంది లొరెట్టా కొలాచీ కొరుకుతూ. దానికంటే మాట్లాడకుండా ఉంటే ఎంతో బాగుండేది.

బుధవారం తెల్లారేసరికి ఊరంతా గుప్పుమంది. స్కీటర్ పేరు మార్చుకు తిరుగుతున్నాడట. కాదు, పక్క రాష్ట్రంలో ఏదో చేసి పారిపోయి వచ్చాడట. నిజానికి అతను పుట్టింది ఈ ఊళ్ళోనే, పుట్టినరోజున వాళ్ళ నాన్న ఊరంతటికీ బీరు పోయించాడు కూడా. అయినా అతనితో కలిసి చదువుకున్న ముసలాళ్ళు కాఫీ తాగుతూ, మొదట్నుంచీ మాకు అనుమానమేనని తలలూపారు. డోరిస్ బాధ్యతగల మనిషి కాబట్టి షెరీఫు ఆఫీసుకు, అంటే పోలీసులకు, ఫోను కూడా చేసింది.

హార్లన్ లొరెట్టాను గదిలోకి పిలిచాడు. "ఈ అప్పు వదిలేద్దాం. నాకు భయంగా ఉంది."

"వదిలేస్తే ఆయనకు పెయ్యలు పోతాయండీ. నేను ఊళ్ళో పుట్టించిన పుకారు అలాగే ఉండిపోతుంది."

"ఏం చేస్తావు మరి?"

"రేపు ఐదింటికి బ్యాంకు మూసేలోపల అసలు పేరు తెస్తాను. తేలేకపోతే ఈ బల్ల ఇంకెవరికైనా ఇచ్చెయ్యండి."

ఆ మాట ఎక్కువైందని ఆమెకే అనిపించింది. అయినా వెనక్కి తీసుకోలేదు.

గురువారం మధ్యాహ్నం స్కీటరే వచ్చాడు, మళ్ళీ ట్రాక్టరు మీదే. పక్క సీటులో వెర్నా ఉంది. ఇద్దరి మొహాలూ కందగడ్డల్లా ఉన్నాయి.

"నేను దొంగనటగా," అన్నాడు స్కీటర్. "చర్చిలో పాస్టరు కూడా నన్ను అదోలా చూశాడు."

"నేను ఆ మాట అనలేదు. తప్పు నాదే, క్షమించు. కానీ లైసెన్సు చూపించు."

"చెప్పండి ఇంక," అంది వెర్నా. "మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

స్కీటర్ టోపీ తీసి మోకాలికి తగిలించాడు. "దాని గడువు అయిపోయి రెండేళ్ళయింది. కొత్తది కావాలంటే గోడ మీది అక్షరాలు చదవాలంట. అవి ఏటేటా చిన్నవి చేస్తున్నారు వాళ్ళు."

"కళ్ళజోడు పెట్టుకోమంటే వినరు," అంది వెర్నా. "పొలం ట్రాక్టరుకైతే లైసెన్సు అడగరుగా, అందుకని ఎక్కడికైనా దాని మీదే. నా చెల్లెలి పెళ్ళికీ దాని మీదే తీసుకెళ్ళారు."

ఇంకెవరికో తాకట్టు పెట్టడం కాదు, మోసమూ కాదు. లొరెట్టాకు నవ్వు కూడా వచ్చింది. కానీ గడువు దాటిన లైసెన్సు మీది పేరు పనికిరాదు. లైసెన్సులిచ్చే ఆవిడ మా కౌంటీ కోర్టుకు వారానికొకసారి, గురువారం మాత్రమే వస్తుంది.

"లే స్కీటర్. కారెక్కు," అంది. "వెర్నా, నీ కళ్ళజోడు ఇటివ్వు."

వెర్నా కళ్ళజోడు గులాబీ రంగుది. రెండు చివర్లా మెరిసే రాళ్ళు పొదిగి ఉంటాయి. దాన్ని ఇచ్చేశాక ఆమెకు ఏమీ ఆనదు కాబట్టి, డోరిస్ కేఫ్‌లో కూర్చోబెట్టి వెళ్ళారు.

కోర్టులో లైసెన్సులావిడ ఆ కళ్ళజోడునూ, స్కీటర్‌నూ మార్చి మార్చి చూసింది గాని ఏమీ అనలేదు. స్కీటర్ చివరి వరుస దాకా గడగడా చదివేశాడు. తర్వాత కిటికీ వైపు తిరిగి బయటి చెట్టు మీదికి మెడ చాచాడు.

"ఏమైంది?" అంది లొరెట్టా.

"ఆ చెట్టుకు విడివిడిగా ఆకులున్నాయే," అన్నాడు మెల్లగా. అతనికి కొనే కళ్ళజోడు ఖరీదు తనే పెట్టుకోవాలని లొరెట్టా అక్కడికక్కడే అనుకుంది.

చేతికొచ్చిన లైసెన్సు మీద లాంబర్ట్ అలోయిస్ నొవోట్నీ అని ఉంది.

"ఈ పేరు ఊళ్ళో ఎవరికైనా చెప్పావంటే ఊరుకోను," అన్నాడు స్కీటర్.

"రాష్ట్రమంతటికీ చెప్పబోతున్నాను. నా ఉద్యోగమే అది."

ఐదింటికి ఇంకా టైముంది. అయినా లొరెట్టా కారును ఉరికించింది. సగం దారిలో వెనక షెరీఫు బండి దీపాలు వెలిగాయి. డోరిస్ ఫోను పుణ్యమా అని, దొంగపేరు మనిషి కోసం పొద్దుట్నుంచీ ఆ రోడ్డు మీదే కాపలా కాస్తున్న డిప్యూటీ కర్ట్ దిగి వచ్చాడు. చిన్నప్పుడు చర్చిలో అతనికి పది ఆజ్ఞలు నేర్పింది లొరెట్టాయే.

"ముందు ఆయన లైసెన్సు చూడాలండీ."

స్కీటర్ తీసిచ్చిన తీరు చూడాలి. పెళ్ళి ఉంగరం కూడా అంత గర్వంగా ఇచ్చి ఉండడు. కర్ట్ అటూ ఇటూ తిప్పి చూసి వెనక్కిచ్చాడు.

"సరిగ్గానే ఉంది. స్పీడుగా వచ్చారు కాబట్టి మీది కూడా చూపించండి లొరెట్టా గారూ."

"చూసుకో నాయనా," అని తీసి ఇచ్చింది. ఊరందరి లైసెన్సులూ పరీక్షించే మనిషి, తడుముకోవాల్సిన పని లేదు.

కర్ట్ దాన్ని వెలుతురుకు పట్టి చూశాడు. "దీని గడువు మీ పుట్టినరోజుతోనే అయిపోయిందండీ."

లొరెట్టా లైసెన్సు తీసుకుని రెండుసార్లు చదివింది. గడువు తేదీ మారలేదు.

"మిమ్మల్ని నడపనివ్వలేనండీ. క్షమించాలి," అన్నాడు కర్ట్, ఆజ్ఞలన్నీ గుర్తున్నవాడిలా.

"పక్కకు జరుగు తల్లీ," అన్నాడు స్కీటర్, గులాబీ కళ్ళజోడు సర్దుకుంటూ. "లైసెన్సున్న మనిషిని నేనున్నాగా."

రెండేళ్ళుగా ట్రాక్టరు తప్ప ఏదీ నడపని మనిషి కారును కూడా ట్రాక్టరులాగే నడిపాడు. దారిలో కంకి కంకీ చూసి మెచ్చుకున్నాడు. వెనక బండ్లు బారులు తీరాయి.

"కాస్త తొక్కు స్కీటర్, నీకు దణ్ణం పెడతాను."

"చట్టం ప్రకారం వెళ్దాం లొరెట్టా. నువ్వు నేర్పిందేగా."

వాళ్ళు దిగేసరికి హార్లన్ తాళం చేత్తో పట్టుకుని గుమ్మంలో ఉన్నాడు. "టైమైపోతోంది. స్కీటర్ అనే టైపు కొట్టి పంపెయ్, అందరికీ తెలిసినవాడేగా."

"కుదరదండీ," అంది లొరెట్టా. లైసెన్సు పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం చూసి కొట్టింది. పంపించి, అదే పేరుతో రిజిస్టరులో వెతికి, ట్రాక్టరు బ్యాంకు పేరిట కనపడ్డాకే కుర్చీలో వెనక్కి వాలింది. హార్లన్ తాళాలు జేబులో వేసుకుని, ఆ బల్ల ఆమెదేనన్నాడు. మర్నాడు వేలంలో స్కీటర్ పెయ్యల్ని కొనుక్కున్నాడు. ఊరు మాత్రం అతన్ని లాంబర్ట్ అని పిలవడం మొదలుపెట్టింది.

తర్వాతి గురువారం లొరెట్టా తన కొత్త లైసెన్సు కోసం కోర్టుకు వెళ్ళాలి. ఊళ్ళో ఎవర్నీ తీసుకెళ్ళమని అడగడానికి మొహం చెల్లలేదు. స్కీటరేమో కళ్ళజోడు లేనిదే కారు నడపడానికి లేదు, కళ్ళజోడు వెర్నా వెనక్కి తీసేసుకుంది, లొరెట్టా డబ్బు కట్టిన కొత్తది ఇంకా రాలేదు. కాబట్టి ఆమె అతని ట్రాక్టరు పక్క సీటులో కూర్చుని, దారి పొడుగునా ఎదురొచ్చే బండ్లేవో అతనికి చెబుతూ వెళ్ళింది. సాయంత్రం బ్యాంకుకొచ్చి, తాకట్టు వస్తువును స్వయంగా తనిఖీ చేశానని రాసుకుంది.