రేగొండ గ్రూపులో ఎర్రతేలు

“ఈ భూమ్మీద నేరస్తులు రెండు రకాలురా భాస్కర్! శ్రీపాల్‌కు దొరికినోళ్లు, దొరకబోయేటోళ్లు!”

మా శ్రీపాల్ ఈ ప్రకటన చేసినప్పుడు రేగొండ బస్టాండు దగ్గర మిర్చి బజ్జీ తింటున్నాడు. మొదటి రకంలో ఇంతవరకు ఒక్కరూ లేరని గుర్తుచేయడం స్నేహధర్మం కాదు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ని నేనే కాబట్టి, అతని వెంట తిరిగి కేసుల వివరాలు రాసే బాధ్యత నా మీద పడింది.

ఈసారి కేసు పెద్దది. మాజీ సర్పంచ్ రఘునాథరావుగారు స్వయంగా పిలిపించారు. మా ఊరి టెలిగ్రామ్ గ్రూపులో ‘ఎర్రతేలు’ అనే మారుపేరుతో ఎవరో ఆయన ఏం రాసినా ఎదురు రాస్తున్నారు. ఊరి మొదట్లో కమాను కట్టిద్దామని ఆయనంటే, ముందు అంగన్‌వాడీ దగ్గర మురుగునీటికి మోరీ కట్టించమంటారు. ఊరంతా దానికి బొటనవేలి గుర్తులు పెడుతుంది.

“సొంత పేరు పెట్టుకునే దమ్ము లేదా? ఎవడో తెలిసిననాడే గ్రూపులకెళ్లి తీసేస్త. మళ్ల ఊర్లె నోరెత్తనియ్య” అన్నారాయన. “ఎలక్షన్ల నా మీద ఓడిపోయిన రాజమౌళే అయ్యుంటడు.”

కోడలు శ్రీలత తల వంచుకుని చాయ గ్లాసులు పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆ ఇంట్లో మామ ముందు కోడలు మాట్లాడే ఆనవాయితీ లేదు.

శ్రీపాల్ గ్రూపు తెరిచి కళ్లు చిట్లించాడు.

“సర్పంచ్ సాబ్! గీ తేలు పొద్దుగాల, పగటీలి, మాపటీలి మాయమైతున్నడు. రహస్య స్థావరంల కుట్ర వండుతున్నడు!”

“అట్లనా?”

“నిన్న మీరు కోడికూర మీద అలిగిన్రని గూడ రాసిండు. మీ ఇంటి మీద డ్రోన్ తిరుగుతున్నది!”

పెద్దాయన పైకి చూశారు. నేనూ చూశాను. ఫ్యాను తిరుగుతోంది.

“శ్రీపాల్, కూర సంగతి ఇంట్లోళ్లకే గద తెలిసేది?” అన్నాను మెల్లగా.

“డిగ్రీ చదివితే గిట్లనే ఉంటది. అన్నీ సీదా ఆలోచిస్తవు!” అని కసిరి, “జర నిందితుడి మొఖం చూద్దాం” అంటూ తేలు బొమ్మను పెద్దది చేయబోయాడు. వేలు జారి కాల్ బటన్ మీద పడింది.

వంటింట్లో ఫోన్ మోగింది.

గుమ్మంలో శ్రీలత. కొంగులో ఫోన్ ఆగకుండా మోగుతోంది.

“దొరికిండు!” శ్రీపాల్ ఎగిరి గంతేశాడు. “రాజమౌళి తన ఫోన్‌ను మీ వంటింట్లనే దాచిపెట్టిండు! ఏం తెగింపు!”

అతన్ని ఎవరూ చూడలేదు. రఘునాథరావుగారు తన ఫోన్‌లో పాత మెసేజ్‌లన్నీ పైకి జరుపుతూ చాలాసేపు చదివారు.

“శ్రీపాల్, తేలు దొరకలే. ఇంటికి పో.”

“దొరికింది సాబ్! నా మొట్టమొదటి...”

“దొరకలే అంటున్న! దొరికితే మాట ప్రకారం తీసెయ్యాలె. తీసేస్తే నాతోని గంత సాఫ్‌గ మాట్లాడేటోళ్లు ఊర్లె ఇంకెవరున్నరయ్యా?”

శ్రీపాల్ డ్రోన్‌ను పట్టుకోవడానికి మేడ మీదికి పరుగెత్తాడు. శ్రీలత లోపలికి వెళ్లింది. పెద్దాయన గ్రూపులో టైపు చేశారు: “ఎర్రతేలు గారూ, మోరీకి పైపు వేద్దామా?”

వంటింట్లోంచి గ్రూపులోకి జవాబు వచ్చింది: “పైపు పూడిపోతది సర్పంచ్ సాబ్. సిమెంటు కాలువ కట్టాలె. ఎన్నిసార్లు చెప్పాలె మీకు?”

ఆయన మీసాల కింద నవ్వుకుంటూ, గోడకు ఇవతల కూర్చుని ఎదురుజవాబు టైపు చేయడం మొదలుపెట్టారు.