ఇద్దరికే చెప్పిన వార్త

పొద్దున్నే తను రాసిన వార్తను నాయనమ్మకు ఒకసారి చదివి వినిపించి, ఆ కాగితం మాస్టారి చేతిలో పెట్టాలని మనవరాలి ఆలోచన. ఆమె యూనివర్సిటీలో సైన్సు, పర్యావరణ జర్నలిజం చదువుతోంది. మాస్టారు రెండు నియమాలు పెట్టాడు. రాసింది ఇంట్లో పెద్దవాళ్లకు ఒక్కసారి వింటే అర్థం కావాలి. ఏ సంగతైనా ఇద్దరు వేర్వేరుగా చెబితేనే నమ్మాలి. తప్పుడు వార్త బయటికి పోతే మాత్రం సీటు పోతుంది.

ఈసారి ఇచ్చిన పని, ఒక ప్రమాదాన్ని ఊహించి వార్త రాయడం. వీధి చివరి ఐసు ఫ్యాక్టరీలో అమ్మోనియా లీకైందని ఆమె రాసింది. కాగితం పైన 'కల్పితం' అని పెట్టింది. అది వార్తలో భాగం కాదు కనుక నాయనమ్మకు చదివి వినిపించలేదు.

నాయనమ్మ కళ్లు మూసుకుని విన్నది. "ముక్క ముక్కా అర్థమైందే" అన్నది. మనవరాలు నిశ్చింతగా స్నానానికి వెళ్లింది.

వచ్చి చూస్తే నాయనమ్మ లేదు. దండెం మీద తువాళ్లూ లేవు. వీధిలో జనం ముక్కులకు తడిగుడ్డలు కట్టుకుని గాలికి అడ్డంగా నడుస్తున్నారు. ఆ జాగ్రత్తలు రాసింది తనే. ఆమె వీధిలోకి పరుగెత్తింది.

పక్కింటి పిన్ని మిక్సీ చంకన పెట్టుకుని పోతోంది.

"పిన్నీ, ఆగండి. అది ఉత్తుత్తి వార్త. నేనే అల్లాను."

"మేం కంగారుపడకూడదని అంటున్నావులే. మొదట అందరూ ఏం లేదనే చెబుతారని నువ్వే రాశావటగా."

అదీ రాసింది. కాదన్నకొద్దీ జనం నడక పెంచారు. ఫ్యాక్టరీ వాచ్‌మన్ కూడా గేటు వదిలేసి వస్తున్నాడు.

"బాబాయ్, లోపల లీకేం లేదు కదా?"

"వీధంతా ఉందంటుంటే, నన్ను లోపలికెళ్లి చూసి రమ్మంటావా తల్లీ?"

ఎక్కడో ఫైరింజను గంట మోగింది. సీటు పోయినట్టే. కేసు కూడా పెడతారేమో. అంతలో ఆమె ముక్కుకు ఘాటు తగిలింది. తను అల్లిన వాసన తనకే వస్తోంది. చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుని, అంతా ఒప్పేసుకుందామని పై వీధిలో మాస్టారి ఇంటికి పరుగెత్తింది.

మలుపులో ఒకాయన ముఖానికి తడి తువాలు చుట్టుకుని, చెప్పుల్లేకుండా ఎదురొచ్చాడు. కళ్లజోడు చూసి గుర్తుపట్టింది.

"మాస్టారూ, మీరా?"

"పదమ్మా పద. అమ్మోనియా."

"అది నా వార్తండీ. మీరే కదా ఊహించి రాయమన్నారు."

మాస్టారు ఆగాడు. తువాలు కిందికి జరిపాడు. "ఇద్దరు చెప్పారమ్మా. వేర్వేరుగా."

పక్క మెట్ల మీద, ఒళ్లో తువాళ్లతో, నాయనమ్మ కూర్చుని ఉంది. "నేను చెప్పింది ఇద్దరికే" అన్నది.

ఫైరింజను గంట ఆగింది. ఫ్యాక్టరీలో వాళ్లకు ఆపాల్సిన లీకేమీ దొరకలేదు.

"మాస్టారూ, మరి నా సీటు?"

ఆయన తువాలు మడిచి చంకలో దాచుకున్నాడు. "నీ సీటు ఎక్కడికీ పోదు. నన్ను ఇక్కడ నువ్వు చూడలేదు. ఎవరికీ చెప్పకు."

మనవరాలు ఎవరికీ చెప్పలేదు. నాయనమ్మ ఇద్దరికే చెప్పింది.