మొదటి ముద్ద

ఆ పొద్దున శ్రీప్రియ వేసుకున్న పథకం చాలా చిన్నది. చంటిబిడ్డను మొగుడికి అప్పగించి అమ్మవారి గుడి చుట్టూ తిరగడం, అటునుంచి అటే ఖాళీ కడుపుతో డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి రక్తం ఇవ్వడం. కడుపుతో ఉన్నప్పుడు వచ్చిన చక్కెర కాన్పుతో పోయిందో, ఒంట్లోనే కాపురం పెట్టిందో ఈ పరీక్షతో తేలిపోతుంది.

ఈ సంగతి అత్త పంకజానికి తెలియదు. "చక్కెర రోగమా? మా వంశంలో యాడుంది? వచ్చే కోడళ్ళు తెచ్చుకోవాల్సిందే" అని ఆమె ఎవరి గురించో అనగా విన్నప్పటినుంచి శ్రీప్రియ నోరు మెదపలేదు. తీపి మానడానికీ, రోజూ నడవడానికీ కలిపి మండలం మొక్కు అని చెప్పేసింది. బాలింత గడప దాటకూడదన్న అత్త, అమ్మవారి పేరు వినగానే చెంపలు వేసుకుని దారి ఇచ్చింది.

గుడి చేరేసరికి తొండియార్‌పేటలోని ఆ వీధి ఆడవాళ్ళంతా అక్కడే ఉన్నారు. మధ్యలో పంకజం. ఆమె ముందు ఇత్తడి గుండిగ నిండా చక్కెర పొంగలి. పైన నెయ్యి తళతళలాడుతోంది.

"ఈరోజుతో మండలం అయిపోయె కదే! నీకు చెప్పకుండా చేయించినా. రా, నోరు తెరువు" అంది పంకజం.

ఆ గుడిలో ఒక ఆచారం ఉంది. మొక్కుకున్న మనిషి మొదటి ముద్ద తింటేగాని మిగతావాళ్ళు పొంగలి ముట్టరు. పిల్లలు అప్పటికే ఆకులు పరుచుకుని వరుసగా కూర్చున్నారు. తింటే పరీక్ష పాడు. తినకపోతే అమ్మవారికి అవమానం.

"ఇంకా ప్రదక్షిణలు మిగిలినాయి అత్తా" అని శ్రీప్రియ గబగబా నడక మొదలుపెట్టింది.

"పాపం, ఒంటిగా తిరగతా ఉంది, పదండే" అంటూ పక్కింటి అమ్మణి వెనకే నడిచింది. ఆమె వెనక వీధి నడిచింది. పొంగలి చల్లారుతోంది. వరుసలో ఎవరో ఏడుపు లంకించుకున్నారు.

"అది సరి ప్రియా, ఇంతకీ ఏం మొక్కు ఇది?" అమ్మణి రొప్పుతూ అడిగింది.

ఆలోచించే వ్యవధి లేదు. "అత్త ఆరోగ్యం కోసం అక్కా."

నడక ఆగిపోయింది. పంకజం గచ్చు మీద చతికిలబడింది.

"నా ఆరోగ్యానికి ఏమొచ్చిందే? అయ్యయ్యో! కాన్పప్పుడు ఆ డాక్టరమ్మ నిన్ను పక్కకు పిలిచి గుసగుసలాడింది నా గురించేనా? అందుకేనా నేను రాత్రిళ్ళు చెంబులు చెంబులు నీళ్ళు తాగతా ఉండేది? అరికాళ్ళు మండేది?"

"అది కాదత్తా..."

"దాచొద్దే! ఇంకెన్నాళ్ళుంటానంది?"

"ఇట్లాంటి కోడలు ఎవరికుంది పంకజక్కా!" అమ్మణి కొంగు నోట్లో కుక్కుకుంది. "ఆటో పిలవండే!"

"ముందు ముద్ద తిననీ" అన్నాడు పూజారి, పిల్లల వైపు చూస్తూ.

అందరి కళ్ళూ శ్రీప్రియ మీదే. "అత్తకేమీ లేదని డాక్టరమ్మ చెప్పిందాకా నేను ముట్టను" అనేసింది. అమ్మణి బావురుమంది.

"మొక్కు ఎవరికోసమో వాళ్ళు తిన్నా చెల్లుతుంది" అని పూజారి తీర్పు చెప్పాడు.

"ఎట్లాగూ పొయ్యేదాన్ని!" అంటూ పంకజం గుండిగలో రెండు చేతులూ పెట్టి, దోసెడు తీసుకుని ఏడుస్తూనే తినేసింది. వీధంతా పొంగలి మీద పడింది. ఆటో కదిలింది.

డాక్టరమ్మ శ్రీప్రియను చూడగానే, "పరగడుపునే వచ్చావు కదా? కాన్పప్పటి చక్కెర పోయిందో లేదో చూడాలి" అంది గట్టిగా.

పంకజం ఏడుపు ఆగింది. "ఎవరికే చక్కెర?"

"నాకే అత్తా. చెప్తే పుట్టింటి నుంచి తెచ్చినానంటారని..."

"మరి నాకు రాత్రిళ్ళు ఆ దాహం ఎందుకే?" అంది పంకజం. రాత్రిపూట దాహం మాట చెవిన పడ్డ డాక్టరమ్మ ఇద్దరి రక్తమూ తీయించింది.

సాయంత్రానికి ఫలితాలు వచ్చాయి. శ్రీప్రియకు చక్కెర మామూలుగా ఉంది. నడక మానొద్దనీ, ఏడాదికొకసారి పరీక్ష చేయించుకోమనీ చెప్పారు. పంకజానికి మాత్రం కొండెక్కి కూర్చుంది.

"అది పొంగలి డాక్టరమ్మా, నేను కాదు!" అని ఆమె వాదించింది. మర్నాడు పరగడుపున మళ్ళీ తీశారు. పొంగలి నిర్దోషి అని తేలింది.

ఇప్పుడు తెల్లవారగానే అత్తాకోడళ్ళిద్దరూ గుడి చుట్టూ తిరుగుతున్నారు. ఎవరైనా అడిగితే, కోడలి ఆరోగ్యం కోసం మొక్కుకున్నానని పంకజం చెబుతుంది.