పదమూడో అధ్యాయం

దేశ రాజధానిలో, జనక్‌పురి ఎస్టీడీ బూత్ పైగదిలో తెలుగు సంఘం వారి గ్రంథాలయం ఉండేది. గ్రంథాలయమంటే రెండు బీరువాలు, ఒక రిజిస్టరు, దాన్ని ఒళ్లో పెట్టుకున్న కార్యదర్శి రామమోహనరావు. తొంభై నాలుగులో అక్కడి సైన్స్ ఫిక్షన్‌కు పెద్ద దిక్కెవరయ్యా అంటే, సెక్షన్ ఆఫీసరు వీరరాఘవులు. తర్వాత ఏం చదవాలో తోచని వాళ్లంతా ఆదివారంనాడు ఆయన చుట్టూ మూగేవారు. ఆఫీసులో పిలిస్తే ప్యూను కూడా పలకడు గనక, ఆ మూగడమంటే ఆయనకు ప్రాణం.

అసలు సంగతి చెప్పేస్తాను, నాకు దాచడం చేతకాదు. వీరరాఘవులు ఏ పుస్తకమూ ఇరవై పేజీలు దాటి ఎరగడు. రాకెట్ లేచేలోగా ఈయనకు కునుకు పట్టేది. మరి సలహాలో? ఎవరో పుణ్యాత్ములు వెనక అట్ట లోపల పెన్సిలుతో నాలుగు ముక్కలు రాసిపెట్టేవారు. ‘నలభయ్యో పేజీ దాకా ఓపిక పట్టండి.’ ‘గ్రహాంతరవాసి కన్నా వాడి అత్తగారు నయం.’ అవి బట్టీపట్టి, తన సొంత అభిప్రాయాలుగా వడ్డించేవాడు.

బుధవారాలు పుస్తకాలు తిరిగిచ్చే పని భార్య నాగమల్లేశ్వరిది.

“నాకూ ఓ మంచి పుస్తకం చెప్పండి,” అని ఆవిడ ఓసారి చుట్టాల ముందు అడిగింది.

“నీకెందుకే గ్రహాలూ గోలా? వంకాయ కూర మాడకుండా చూసుకో, అదే పెద్ద సైన్సు!”

చుట్టాలు పడిపడి నవ్వారు. ఆవిడ నవ్వలేదు.

ఇంతలో సంఘం వారు సైన్స్ ఫిక్షన్‌కు మూడో బీరువా కొన్నారు. అందులో ఏ పుస్తకాలుండాలో ఎంచే పెద్దరికం వీరరాఘవులుకి అప్పగించాలని సభ పెట్టారు. ముందుగా ఆయన ఒక పుస్తకం గురించి మాట్లాడాలి. ‘ఎనిమిదో చంద్రుడు’ ఎంచుకున్నాడు. దాని వెనక పెన్సిలు రాత అన్నిటికన్నా పొడుగు.

“మొత్తం చదివారా?” అంది నాగమల్లేశ్వరి సభ రోజు ఉదయం.

“అక్షరం వదల్లేదు.”

“చివరిదాకానా?”

“ఏమిటే ఈ క్రాస్ ఎగ్జామినేషన్?”

“ఇంకా గంట టైముంది. ఓసారి తిరగేయకూడదూ?”

“నాకు కంఠోపాఠం!”

“మీ ఇష్టమండీ,” అని ఆవిడ శాలువా కప్పుకుని బయల్దేరింది.

సభలో వీరరాఘవులు గొంతు సవరించుకున్నాడు. “పదమూడో అధ్యాయంలో రోబో ఏడుస్తుంది చూశారూ! అక్కడ నేను చదవలేక, బాల్కనీలోకి వెళ్లి ఏడ్చానండీ!” కర్చీఫ్ కూడా తీశాడు. చప్పట్లు మోగాయి.

కంటోన్మెంట్ నుంచి వచ్చిన సుబేదార్ ధర్మయ్య లేచి నిలబడ్డాడు. “సార్, దాంట్లో పన్నెండు అధ్యాయాలే సార్.”

“మీరు చదివింది పాత ముద్రణ అయ్యుంటుంది.”

“మీ చేతిలో ఉన్న పుస్తకమే సార్,” అంటూ ధర్మయ్య వచ్చి అందుకుని పేజీలు తిప్పాడు. పన్నెండో అధ్యాయం, ఆ తర్వాత అట్ట. అట్ట లోపలి రాతను పెరేడ్ గొంతుతో చదివాడు. “పదమూడో అధ్యాయంలో రోబో ఏడుస్తుంది. అక్కడ నేను చదవలేక, బాల్కనీలోకి వెళ్లి ఏడ్చాను.” చదివి తలెత్తాడు. “నేను తీసుకెళ్లినప్పుడు ఈ రాత లేదు సార్.”

రామమోహనరావుకు ఒళ్లు మండింది. “సంఘం పుస్తకాల మీద ఈ రాతలెవరివి?” అని రిజిస్టరు తిరగేశాడు. “ధర్మయ్యగారి తర్వాత తీసుకున్నది… కార్డు పద్నాలుగు. వీరరాఘవులుగారూ, అది మీదే! మీరే రాసి మీరే ఏడ్చారా?”

“రాసింది నేనండీ,” అని నాగమల్లేశ్వరి లేచింది. “బుధవారం ఆయన కార్డు మీద తీసుకుని చదివేదాన్ని. రెండేళ్లుగా అన్నీ నిజాలే రాశాను. ఈ ఒక్కటే అబద్ధం. అరే భాయ్, కనీసం ఒక్కటైనా ఆయన చదువుతారేమో చూద్దామని.”

హాలంతా గొల్లున నవ్వింది. వీరరాఘవులుకి భూమిలోకి కుంగిపోవాలనిపించింది. జనం నవ్వినందుకు కాదు. పదహారేళ్లు కాపురం చేసి, రెండేళ్లుగా ఆ రాతలు బట్టీపడుతూ, అది భార్య దస్తూరీ అని పోల్చుకోలేదు. ఆ సిగ్గు ఆయన చెవుల దాకా పాకింది.

ధర్మయ్య పుస్తకం బల్ల మీద పెట్టి ఆవిడ ముందు నిలబడ్డాడు. “అమ్మా, నన్ను తర్వాత ఏం చదవమంటారు?” ఆయన వెనక ఇంకొకరు, వారి వెనక మరొకరు. చూస్తుండగానే వరస తలుపు దాకా పెరిగింది. ఒంటరిగా కూర్చోలేక వీరరాఘవులు కూడా వచ్చి చిట్టచివర నిలబడ్డాడు. అరగంటకు ఆయన వంతొచ్చింది.

“మీకేం కావాలండీ?” అంది నాగమల్లేశ్వరి, అందరితో అన్నట్టే.

“ఏదైనా… సన్నది,” అన్నాడు తలెత్తకుండా. “బొమ్మలున్నా ఫర్వాలేదు.”