ఒక మాట కొట్టివేతకు అర్జీ

చీడివలస నీటిపారుదల కార్యాలయంలో గుమాస్తా బెవర సింహాద్రి ధ్యాస రోజూ పదకొండుంపావుకు అతన్ని కుర్చీలోనే వదిలి బయటకు వెళ్ళిపోయేది. మిగతా ఉద్యోగుల ధ్యాసలు భోజనాల వేళ దాకా కదిలేవి కావు. కార్యాలయంలో మనుషులకొక హాజరుపట్టీ, ధ్యాసలకొకటి ఉండేవి. రెండోదానిలో సాయంత్రం గడి సింహాద్రికి ఇరవై రెండేళ్ళుగా ఖాళీ. సర్వీసు రిజిస్టరులో ఏటా ఒకే మాట రాశారు: నిర్లక్ష్యం. ఇంకొక్కసారి ఆ మాట పడితే ఉద్యోగం ఉండదని తాఖీదు వచ్చింది.

అతను ధ్యాసను చెవి పట్టుకుని లాక్కొచ్చేవాడు. ఏ చీమల బారు దగ్గరో గొంతుక్కూర్చుని దొరికేది. లాక్కొచ్చిన రోజున ఇద్దరికీ జ్వరం వచ్చేది.

జిల్లా ఆసుపత్రిలో డాక్టరమ్మ ఇద్దరినీ విడివిడిగా తూచింది.

"చిన్నప్పుడు బడిలో కొట్టేవారా?"

"ఇద్దర్నీ కొట్టేవోరండి."

"దీన్ని ఏడీహెచ్‌డీ అంటారు. పుట్టుకతో వస్తుంది, పెద్దయ్యాక కూడా ఉంటుంది. మీ తప్పు కాదు."

నలభై తొమ్మిదేళ్ళలో ఆ మాట అతనితో ఎవరూ అనలేదు. డాక్టరమ్మ దాన్నే కాగితం మీద రాసి ముద్ర వేసింది.

బయట బల్ల మీద చంద్రకాంతం అనే దర్జీ కూర్చుని ఉంది. ఆమె ధ్యాస గోడ పక్కన తిరుగుతోంది.

"మీదేటి సేస్తాది?" అని అడిగింది.

"సీమల్ని సూస్తాది."

"నాది సగం కుట్టిన జాకెట్టు ఒగ్గేసి వీధిలోకి పోతాది. తిట్టడం మానీసినాను. ఇప్పుడు దానికీ టీ పోస్తన్నాను."

అలాంటివాళ్ళు పదిమంది ఆదివారాలు అక్కడ కూర్చునేవారు. ఎవరూ ఎవరి ధ్యాసనూ తరిమేవారు కాదు. సింహాద్రి కూడా చెవి పట్టుకోవడం మానేశాడు. పదకొండుంపావుకు కుర్చీ, ఫైళ్ళు తీసుకుని దాని పక్కకే వెళ్ళాడు. పని జరిగింది.

సూపరింటెండెంటు కూర్మయ్య డాక్టరు కాగితం రెండుసార్లు చదివాడు. రిజిస్టరులో ఇరవై రెండు చోట్ల 'నిర్లక్ష్యం' అన్న మాటను ఎర్రసిరాతో కొట్టేసి, ప్రతిచోటా సంతకం పెట్టాడు.

మర్నాడు సింహాద్రి ఇంటి గోడ మీది పాత క్యాలెండరు తెచ్చి ఆయన ముందు పరిచాడు. పాలు రాని రోజులు గుర్తుపెట్టే గడుల్లో ఒకచోట అతని భార్య అప్పలనరసమ్మ పెన్సిలుతో రాసింది: 'గుండెల్లో నొప్పని చెప్పాను. వినలేదు.' ఆ తర్వాత నాలుగో రోజు నుంచి గడులన్నీ ఖాళీ.

"ఇదీ కొట్టీయండి బాబూ. ఆయాల నాను ఎదురుగానే కూకున్నాను. నా ద్యాస ఇంట్లో నేదు."

కూర్మయ్య కళ్ళజోడు సర్దుకున్నాడు. "రాసినవాళ్ళే కొట్టాలయ్యా. లేదంటే ఆ సీట్లోకి వచ్చినవాళ్ళు. రిజిస్టరు నేను కొట్టింది అలాగే. ఆవిడ సీట్లో ఇప్పుడెవరున్నారు?"

"ఎవులూ నేరండి."

"అయితే అలాగే ఉంటుంది."

క్యాలెండరు చుట్టి ఇచ్చేశాడు. రూలు ప్రకారం అది సరైన జవాబే.

ఆదివారం సింహాద్రి ఈ సంగతి చంద్రకాంతానికి చెప్పాడు.

"మా ఆయన బతికే ఉన్నాడు," అంది. "డాక్టరమ్మ నాకిచ్చిన కాగితం ఆరు నెలల్నుంచీ టీవీ మీదే ఉంది. తీసి సదవనేదు."

బల్ల మీద కొంచెం జరిగింది. సింహాద్రి కూర్చున్నాడు.