కర్దనూర్‌లో కౌబాయ్ ఎడారి

శనివారం పొద్దున్నే సుధీర్ నాలుగు ఇడ్లీలు తిని, ఎడారి వెతకడానికి బండి తీశాడు. నిర్మాత కామేశ్వరరావుగారు కౌబాయ్ సినిమా తలపెట్టారు గానీ రాజస్థాన్ దాకా వెళ్లడం ఆయనకు ఇష్టం లేదు. "పటాన్‌చెరు కుర్రాడివి, అక్కడే ఎక్కడో చూపించు. సోమవారం వస్తాను. ఎడారి లేకపోతే నువ్వూ లేవు" అని తేల్చేశారు. సుధీర్‌కు ఇది మూడో ఉద్యోగం. ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్లు ఒకే కుర్చీ అరగదీసిన తండ్రి, ఇదీ పోతే గుమ్మం తొక్కనిచ్చేలా లేడు.

కాజీపల్లి వైపు ఎటు తిరిగినా మందుల ఫ్యాక్టరీ గొట్టమే. తెల్లాపూర్‌లో హీరో గుర్రం దిగాల్సిన చోట, వెనక పదిహేనో అంతస్తులో ఎవరో దుప్పట్లు ఆరేస్తున్నారు. మధ్యాహ్నానికి కర్దనూర్ శివార్లలో దొరికింది: నాలుగెకరాల రాళ్ల బీడు, ఒక్క తుమ్మచెట్టు. సుధీర్‌కు ప్రాణం లేచొచ్చింది. గుర్రాలు పరుగెత్తేందుకు చాలుతుందో లేదోనని అడుగులతో కొలిచి, మూలల్లో సున్నం చల్లి, ఫొటోలు తీశాడు.

ఆ బీడు పోచయ్యది. గట్టు మీద నిలబడి అంతా చూశాడు.

"ఏంది సారూ, భూమి గిట్ల తీస్కుంటున్నరా?"

"అబ్బే, లేదండీ. గుర్రాల సినిమాకి. ఇలా బోడిగా ఉంటేనే మాకు పనికొస్తుంది."

పోచయ్య తలూపి, నేరుగా ఇంటికి పోయి భార్య దేవమ్మను కేకేశాడు. "ఏమే, సర్వే అయింది! అడిగితే సినిమా అంటుండు. పోయినసారి ఫ్యాక్టరీకి భూములు తీస్కున్నప్పుడు గూడ, కొలిచేటోడు చేపలు పట్టనీకె వచ్చిన అన్నడు."

ఆ చుట్టుపక్కల బీడుకు ఇచ్చే పరిహారం వేరు, తోటకు ఇచ్చేది వేరు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు ఆదివారం జేసీబీ దిగింది. రాళ్లు పోయాయి, రెండు ట్రాలీల మామిడి మొక్కలు వచ్చాయి. పక్క రైతు పెద్దరాములు ఊరుకుంటాడా? తన బీడులో జామ పెట్టించి, కోళ్ల షెడ్డు కూడా లేపాడు.

సోమవారం సుధీర్ నిర్మాతతో కలిసి కారు దిగేసరికి బీడంతా మామిడి మొక్కలే.

"ఇదా నీ ఎడారి?"

"పోచయ్యగారూ, ఏమిటండీ ఇది!"

"తోట సారూ. మా తాత పెట్టిండు" అన్నాడు పోచయ్య, మోకాలెత్తు మొక్కకున్న నర్సరీ చీటీ పీకేస్తూ.

కామేశ్వరరావుగారు పోచయ్యను పక్కకు తీసుకెళ్లి గుచ్చి గుచ్చి అడిగారు. "పెద్ద కంపెనీ వస్తున్నదట. జెర ఎవ్వలకు చెప్పకు" అన్నాడు పోచయ్య. తిరిగొచ్చేసరికి నిర్మాత మొహంలో కోపం లేదు.

"సుధీర్, ఇక్కడ కంపెనీకి సర్వే కూడా అయిందట. రెండెకరాలు ఇస్తాడేమో మాట్లాడు."

"సార్, ఏ కంపెనీ లేదు! ఆ సర్వే చేసింది నేనే, ఆ సున్నం నేను చల్లిందే!"

"నోరు మూసుకోవయ్యా. ఊరూరంతా పిచ్చివాళ్లా?"

కౌబాయ్ సినిమా అక్కడే ఆగిపోయింది. నెల తిరక్కుండా కామేశ్వరరావుగారికి నిజం తెలిసింది గానీ, అప్పటికే తను కొన్న ఆ రెండెకరాలను రెట్టింపు ధరకు అమ్మేశారు. ఇప్పుడు ఆయన ముందు ఎక్కడో ఎకరం కొని, ఆ తర్వాత సుధీర్‌ను అక్కడికి పంపిస్తున్నారు. జీతం పెరిగింది, తండ్రి కూడా సంతోషంగా ఉన్నాడు.

చేయాల్సిన పనల్లా బీడులో నాలుగడుగులు వేసి, ఎవరేమడిగినా నిజం చెప్పి రావడమే.