పోస్టరులోని కోడలు

ఆ ఉదయం మాస్టారి పథకం చాలా చిన్నది. సాయంత్రం కోడలు గ్రంథాలయానికి రావాలి, ముందు గుమ్మంలోంచి రావాలి.

చిన్నదే కానీ, దాని వెనక ఏడాది నాటి కథ ఉంది. కిందటి వానాకాలం మాస్టారు గొడుగు మరిచిపోయి గ్రంథాలయానికి వెళ్తే, కోడలు దాన్ని ఇవ్వడానికి వెనకే వెళ్లింది. గేటు దగ్గర కాపలా పెద్దాయన ఆమెను ఎగాదిగా చూసి, ఊడ్చేవాళ్ల దారి వెనకవైపని మర్యాదగానే చెప్పాడు. ఆమె గొడుగు అతని చేతికిచ్చి, తను తడుస్తూ ఇంటికొచ్చేసింది. ఆమె కళాశాలలో సినిమా చరిత్ర చెబుతుంది. ముత్తాతలు ఎక్కడినుంచో ఓడలో వచ్చి ఈ ఊరి రేవులో మూటలు మోశారు. ఆమె ఒంటి నలుపు వాళ్లది. గేటు సంగతి ఇంట్లో ఒక్కసారే చెప్పింది, మళ్లీ ఎత్తలేదు. ఆ ఎత్తకపోవడమే మాస్టారికి అరికాలి ముల్లయింది. భార్య పోయాక, ఆయన కళ్లజోడు ఎక్కడ పెట్టి మరిచిపోతాడో తెలిసిన మనిషి ఆ ఇంట్లో కోడలొక్కతే.

మాస్టారు ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ పిల్లలకు భూగోళం చెప్పారు. ఇప్పుడు గ్రంథాలయంలోని సినిమా సంఘానికి కార్యదర్శి. సంఘం వార్షికోత్సవానికి ఒక పాత సినిమా వేయాలని తీర్మానించారు. అందరూ చిన్నప్పుడు చూసి పడిపడి నవ్విన సినిమా. అందులో ఓడ దిగిన నౌకరొకడుంటాడు. తెల్లటి నటుడికి ముఖం నిండా మసి పూసి ఆ వేషం వేయించారు. వాడు మాటలు తప్పుతాడు, తన్నులు తింటాడు, తన్నినవాళ్ల కాళ్లే పట్టుకుంటాడు. ఇన్నేళ్లకు మళ్లీ వేసి చూసుకుంటే కమిటీలో ఎవరికీ నవ్వు రాలేదు. వచ్చినవాళ్లు దగ్గినట్టు సర్దుకున్నారు.

అధ్యక్షులవారు నౌకరున్న చోటల్లా కత్తిరించేద్దామన్నారు. కత్తిరిస్తే హీరోగారి గుర్రం, ఒక పాట మిగులుతాయని ప్రొజెక్టరు నడిపే ఆపరేటరు లెక్క తేల్చాడు. పాత సినిమా తాతగారి లాంటిది, ఈ వయసులో పళ్లు సరిచేయిస్తామా అని కోశాధికారి వాదించాడు. చివరికి మధ్యేమార్గంగా, నౌకరు వచ్చినప్పుడల్లా ప్రొజెక్టరు ముందు అట్టముక్క అడ్డం పెట్టాలని నిర్ణయమైంది. ఆ బాధ్యత కోశాధికారి తీసుకున్నాడు. సినిమా మారకూడదన్నవాడు, పదవి అనేసరికి కాదనలేకపోయాడు.

మాస్టారు ఈ గొడవంతా భోజనాల దగ్గర చెబితే కోడలు నవ్వింది. "అట్టలూ గిట్టలూ వద్దు మామయ్యగారూ. ఉన్నది ఉన్నట్టు వేయండి. ముందు కాసేపు నేను మాట్లాడతాను. కాకపోతే ఒక్కటి, వెనక గుమ్మంలోంచి మాత్రం రాను."

"ఆ మాట ఎత్తకు తల్లీ. ఈసారి పూచీ నాది," అన్నారు మాస్టారు.

పూచీ అంటే మాటలా? ఆయన బాగా ఆలోచించి, కోడలి ఫోటోతో నిలువెత్తు పోస్టరు వేయించి గేటు పక్కనే పెట్టించాలనుకున్నారు. ఫోటో చూశాక ఎంతటి కాపలావాడైనా మనిషిని గుర్తుపట్టకపోడు కదా. ఫోటో తీసుకెళ్లి వీధి మలుపులో ఉన్న స్టూడియో అతనికి ఇచ్చారు. అతను నెమ్మదస్తుడు. గుర్తింపు కార్డుకైనా, పెళ్లికైనా, పోయినవాళ్ల పటానికైనా, తన కొట్లో అడుగుపెట్టిన ముఖాన్ని రెండు మూడు ఛాయలు తేల్చి పంపడం అతనికి అలవాటు. ఎవరూ అడగక్కర్లేదు. మాస్టారి భార్య పటం కూడా అక్కడే కట్టించారు. బతికున్నన్నాళ్లూ ఆవిడకు లేని తెలుపు ఇప్పుడు గోడ మీద ఉంది.

ఆ పొద్దున పోస్టరు వచ్చింది. మాస్టారు దూరం నుంచీ దగ్గర నుంచీ చూసి, కోడలు బాగా వచ్చిందనుకున్నారు. దాన్ని గేటు పక్కన నిలబెట్టించి, కాపలా పెద్దాయనకు గట్టిగా చెప్పారు.

"ఈ ఫోటోలో ఉన్నావిడ వస్తారు. ఆవిడని ఆపకూడదు. కుర్చీలు తక్కువ, మిగతావాళ్లను మాత్రం పాసు లేందే వదలొద్దు."

"మీరు చెప్పాలా మాస్టారూ," అన్నాడు పెద్దాయన. "ఈసారి పొరపాటు జరగనివ్వను."

పాపం, అతను అన్నమాట నిలబెట్టుకున్నాడు.

సాయంత్రం మాస్టారు గేటు దగ్గరే నిలబడదామనుకున్నారు. కానీ కోడలు వద్దన్నదని ఆయన చెప్పినా కమిటీ అట్ట మానలేదు, పైగదిలో ఆపరేటరుకూ కోశాధికారికీ అట్టముక్క ఎంత ఉండాలన్న దగ్గర చిక్కొచ్చింది. అట్ట చిన్నదైతే నౌకరు కాళ్లు కనిపిస్తున్నాయి, పెద్దదైతే గుర్రం కూడా పోతోంది. మాస్టారు వెళ్లి ఇద్దరినీ సముదాయిస్తున్న సమయంలో ఒక పచ్చని మేనిఛాయ గల ఆవిడ సంచి పట్టుకుని గేటు దగ్గరకొచ్చింది. ఆమె ఎప్పుడో పెళ్లికాక ముందు తీసుకెళ్లిన గ్రంథాలయం పుస్తకాన్ని, ఇల్లు సర్దుతుంటే దొరికితే, సిగ్గుపడుతూ తిరిగివ్వడానికి వచ్చింది. కాపలా పెద్దాయన ఆమెనూ పోస్టరునూ మార్చి మార్చి చూసి సెల్యూట్ కొట్టాడు. అధ్యక్షులవారు ఎదురెళ్లి పూలగుత్తి ఇచ్చారు.

ఇన్నేళ్లు ఆలస్యం చేసినవాళ్లను ఇంత ఆదరంగా చూస్తారని తెలిస్తే ముందే వచ్చేదాన్నని ఆమె అంది. అధ్యక్షులవారికి ఆ వినయం నచ్చింది. తీసుకెళ్లి వేదిక మీద కూర్చోబెట్టి, మీ మనసులో మాట చెప్పండి అని మైకు చేతికిచ్చారు.

పుస్తకం తెచ్చినవాళ్లందరి చేతా ఇలా చెప్పిస్తారు కాబోలని ఆమె అనుకుంది.

"తప్పు మాదేనండీ. ఇన్నేళ్లుగా మా ఇంట్లోనే ఉంది. అందరం చూస్తూనే ఉన్నాం, ఎవరం బయటికి తీయలేదు. కొన్ని పేజీలు చిరిగాయి. నేను చింపలేదండీ, నా చేతికి వచ్చేసరికే అలా ఉంది. అయినా ఇంతకాలం దాచుకున్నాను కాబట్టి, ఏం శిక్ష వేసినా పడతాను."

హాలు చప్పట్లతో మోగిపోయింది. జాతి వివక్ష గురించి ఇంత సూటిగా మాట్లాడినవాళ్లను తాను చూడలేదని ముందు వరసలో ఒకాయన కళ్లు తుడుచుకున్నాడు. చప్పట్లు విని కిందికి దిగిన మాస్టారికి వేదిక మీద ఎవరో కనిపించారు. ఆయన అధ్యక్షులవారి చెవి దగ్గరికి వెళ్లారు.

"అయ్యా, ఆవిడ మా కోడలు కాదు."

"ఊరుకోండి మాస్టారూ, మీకన్నీ హాస్యాలే," అన్నారు అధ్యక్షులవారు చప్పట్లు ఆపకుండానే. "మీ కోడలు నలుపని ఎవరో అన్నారు సుమండీ. లోకం నోరు ఊరుకోదు."

మాస్టారు గేటు దగ్గరికి పరుగెత్తారు. ఆ వయసులో అది పరుగు కాదు, కానీ ఆయన మటుకు పరుగనే అనుకున్నారు. కాపలా పెద్దాయన గర్వంగా ఎదురొచ్చాడు.

"ఇందాక ఒకావిడ వచ్చి ఆ ఫోటోలో మనిషిని నేనే అని ఒకటే వాదించింది మాస్టారూ. నేను నమ్ముతానా? అసలావిడ లోపలే ఉన్నారాయె. పాసు లేదు, ఏం లేదు. వెనక గుమ్మం చూపించాను."

మాస్టారు పోస్టరు వైపు తిరిగారు. పొద్దున చూసిన పోస్టరే. కళ్లు కోడలివే, నవ్వూ కోడలిదే. మధ్యలో ఉన్న ముఖం ఎవరిదో. పొద్దున ఇదే చూసి, బాగా వచ్చిందనుకున్న సంగతి ఆయనకు అప్పుడు గుర్తొచ్చింది. గోరుచుట్టు మీద రోకటి పోటన్న సామెత బడిలో చాలాసార్లు వాడారు గానీ, ఇంత బాగా ఎప్పుడూ అర్థం కాలేదు.

ఈలోగా లోపల చప్పట్లు విన్న ఆపరేటరు, ఉపన్యాసం అయిపోయిందనుకుని దీపాలార్పి సినిమా మొదలుపెట్టాడు. తెర మీద ఓడ వచ్చింది, మసి పూసుకున్న నౌకరు దిగాడు. సరిగ్గా అప్పుడే, చీపుళ్ల గదిలోంచి దారి వెతుక్కుంటూ వచ్చిన కోడలు తెర అంచు తప్పించుకుని వేదిక మీదికొచ్చింది. ఆమె తెల్లటి దుస్తుల మీద నౌకరు ముఖం పడి పళ్లికిలించింది. కర్తవ్యం గుర్తొచ్చిన కోశాధికారి అట్ట అడ్డం పెట్టాడు. హాలంతా చీకటి. ఎవరో కుర్చీ తన్నుకుని పడ్డారు. దీపాలు వేసేసరికి వేదిక మీద ఇద్దరు ఉపన్యాసకులున్నారు.

పుస్తకం తెచ్చినావిడ ప్రాణం లేచొచ్చినట్టు నిలబడింది. "మీరు గ్రంథాలయంలో పనిచేసేవాళ్లా అమ్మా? అయితే ఇది మీరే తీసుకోండి."

"ఇవ్వండి," అంది కోడలు. పుస్తకం తీసుకుని, ఆమెను కూర్చోమని కుర్చీ జరిపింది. గుమ్మంలో ఆయాసపడుతున్న మామగారిని చూసింది. "మామయ్యగారూ, ఆ పోస్టరు కాస్త ఇలా తెస్తారా?"

మాస్టారు వెళ్లి నిలువెత్తు పోస్టరును ఎత్తుకొచ్చారు. కాపలా పెద్దాయన రెండో అంచు పట్టుకున్నాడు. దగ్గర నుంచి, వెలుగులో, ఆమెనూ పోస్టరునూ పక్కపక్కన చూశాక అతను తల దించుకుని పోస్టరును వేదికకు ఆనించాడు.

కోడలు మైకు తీసుకుంది. ఆమె గొంతులో కోపం లేదు, అదే మాస్టారికి మరీ కష్టమనిపించింది.

"ఆ సినిమాలో మిమ్మల్ని నవ్వించడానికి తెల్లటాయన్ని నల్లగా చేశారు. ఈ పోస్టరులో నన్ను గౌరవించడానికి తెల్లగా చేశారు. ఆ సినిమా మా ముత్తాత కాలానిది. ఈ పోస్టరు ఇవాళ పొద్దున్నది. సినిమాకి అట్ట పెట్టకండి. పోస్టరూ తీయకండి. రెండూ కలిపి చూడండి. నేను చెప్పాలనుకున్నది అంతే."

అధ్యక్షులవారు లేచి క్షమాపణ తీర్మానం ప్రతిపాదించబోయారు. కోడలు ముందు సినిమా వేయించమంది. అట్ట లేకుండా వేశారు. నౌకరు తన్నులు తిన్న మొదటిసారి అలవాటు కొద్దీ కొందరు నవ్వారు. నవ్వుతూ తెర పక్కనున్న పోస్టరు చూశారు, ఆ పక్కన కుర్చీలో కూర్చున్న మనిషిని చూశారు. తర్వాతి తన్నుకు నవ్వు గొంతు దాకా వచ్చి ఆగిపోయింది. ఆ పైన హాల్లో ప్రొజెక్టరు చప్పుడు తప్ప మరేం వినిపించలేదు. ఇన్ని మీటింగులు పెట్టినా కమిటీ చేయలేని పనిని స్టూడియో అతని అలవాటు చేసిపెట్టింది.

బయటికొచ్చేటప్పుడు కాపలా పెద్దాయన ముందు గేటు రెండు తలుపులూ బార్లా తెరిచి నిలబడ్డాడు. కోడలు "వస్తానండీ" అంది. చినుకులు మొదలయ్యాయి. ఒక్క గొడుగు కింద ఇద్దరూ నడిచారు.

"పొద్దున పోస్టరు మీరు చూశారు కదా మామయ్యగారూ?"

"చూశానమ్మా."

"ఏమనుకున్నారు?"

అబద్ధం సిద్ధంగానే ఉంది, నోరు రాలేదు. "బాగా వచ్చావనుకున్నాను."

వీధి మలుపులో గొడుగు కాస్త ఆయన వైపుకు జరిగింది. ఆమె భుజం తడుస్తోందని మాస్టారు గమనించారు. తిరిగి అటు నెట్టబోతే, ఆమె పట్టు వదల్లేదు.

మర్నాడు మాస్టారు కోడలి ఫోటోతో పాటు గోడ మీది భార్య పటాన్నీ సంచిలో పెట్టుకుని స్టూడియోకి వెళ్లారు. రెండూ మళ్లీ వేయమన్నారు, ఏ రంగుది ఆ రంగులోనే. స్టూడియో అతను నొచ్చుకోలేదు. వెతికి వెతికి మాస్టారి భార్య అసలు ఫోటో తీసి, కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూశాడు.

"చేస్తానండీ. కాకపోతే, తెలుపు మేం ఊరికే వేస్తాం. ఉన్న రంగంటే అదనంగా అవుతుంది."